అంతర్జాలమున దొరకిన మాట: కర్తృత్వము, గోప్యత, పరిశోధకుని బాధ్యత

తెలుగు శాఖలలో జరుగు పరిశోధనకు ఈ రెండు దశాబ్దములలో ఒక క్రొత్త ఆకరము ఏర్పడినది. తాళపత్రములు, శాసనములు, ముద్రిత గ్రంథములు, పల్లెలలో పాడుకొను పాటలు మనకు పూర్వము నుండి కలవు. వాని సరసన ఇప్పుడు సామాన్య జనులు అంతర్జాలమున వ్రాయుచున్న తెలుగు వచ్చి చేరినది. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణముననే తెలుగు లిపికి స్థానము లభించినను, 2003లో తెలుగు వికీపీడియా ప్రారంభమైనను, జనులు తమ మాటను తమ లిపిలో వ్రాసికొనుట చేతిఫోను ఇంటింటికి వచ్చిన పిమ్మట గాని విస్తరింపలేదు. ఇప్పుడు కథలు, పద్యములు, వంట విధానములు, పెండ్లిపిలుపులు, తగవులు, మరణవార్తల క్రింది పరామర్శలు సమస్తమును అక్కడ వ్రాతరూపమున నున్నవి. ఒకప్పుడు మాండలిక పదములకై నెలల తరబడి ఊరూర తిరిగిన పరిశోధకుడు నేడు ఒక్క రాత్రిలో ఐదువందల వ్యాఖ్యలను పోగుచేసికొనగలడు. ఆ ఐదువందల మందిలో ఒక్కరికైనను తమ మాట పరిశోధనకు గురియైన సంగతి తెలియదు. ఈ స్థితిలో పరిశోధకుని ధర్మమేమి యన్నది ఈ వ్యాసమున మేము విచారింపదలచిన విషయము.

చిక్కు రెండు విద్యల సంధిలో పుట్టినది. సాహిత్య పరిశోధకునకు నేర్పబడిన ధర్మమొకటి కలదు: ఎవరి మాటను గ్రహించినను వారి పేరు చెప్పవలెను, అక్షరము మార్చరాదు. పేరు చెప్పకుండుట చౌర్యము. మాట మార్చుట పాఠదోషము. సాంఘిక శాస్త్రజ్ఞులు నేర్చిన ధర్మము దీనికి దాదాపు విరుద్ధము. వారు చెప్పినవాని పేరు దాతురు. అతనిని గుర్తింపజేయు వివరములను తొలగింతురు, అవసరమైనచో మార్తురు. గ్రంథము వేరు, ఎదుటి మనిషి వేరు అయినంత కాలము ఈ రెండు ధర్మములును ఒకదాని జోలికి మరియొకటి పోలేదు. అంతర్జాలమున దొరకిన వాక్యమన్ననో, ఏకకాలమున గ్రంథమును, మనిషి నోటిమాటయు నగుచున్నది. కనుక ప్రతి పాఠము విషయమునను, దానిని వ్రాసినవారిని రచయితగా చూడవలెనా, మాటలాడిన మనిషిగా చూడవలెనా అని నిర్ణయించుకొనుటయే పరిశోధకుని మొదటి పని యని మా అభిప్రాయము. తక్కిన నియమములు ఆ నిర్ణయము ననుసరించి వచ్చును. అది అందరికిని కనబడుచున్నదే గదా యనుట ఈ ప్రశ్నకు సమాధానము కాజాలదు.

మన పూర్వ పరిశోధనలో ఈ విషయము ఎట్లుండెనో చూతము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము వ్యవసాయ పదములది. ఆ పదములు రైతులను అడిగి వ్రాసికొన్నవి. రైతునకు భాషాశాస్త్రము తెలియకపోవచ్చును. ఎదుట కూర్చున్నవాడు తన మాటలను వ్రాసికొనుచున్నాడని మాత్రము తెలియును. ఇష్టము లేనిచో పని యున్నదని లేచి పోగలడు. 1958లో గ్రంథరూపమున వెలువడిన బిరుదురాజు రామరాజుగారి జానపదగేయ పరిశోధనమును ఇట్టిదే. పాడువారి ఎదుట కూర్చుండనిదే పాట దొరకదు. సమ్మతిపత్రములు లేకపోయినను సమ్మతి కలదు. ఆ యుగము నిర్దోషమని మా తాత్పర్యము కాదు. జానపద సాహిత్యము అజ్ఞాతకర్తృకమను సూత్రమును నమ్మి, పాట పాడిన ఆమె పేరును, ఊరును వ్రాయక విడిచిన సంకలనములు మన గ్రంథాలయములలో లేకపోలేదు. గౌరవించి పేర్కొనవలసినవారిని మరుగుపరచుట ఒక తప్పు. మరుగుపరచవలసినవారిని బయటపెట్టుట రెండవ తప్పు. నేడు సులభముగా జరుగునది ఈ రెండవది. అదెట్లు జరుగునో అమెరికా దేశమునందలి కొన్ని ఘట్టములు స్పష్టపరచుచున్నవి.

2006 ఆగస్టులో ఏఓఎల్ అను సంస్థ, పరిశోధకుల ఉపయోగార్థమని, సుమారు ఆరున్నర లక్షల మంది మూడు నెలలలో తన శోధనయంత్రము నడిగిన రెండు కోట్ల ప్రశ్నలను ఒక దస్త్రముగా విడుదల చేసినది. పేర్లు తీసివేసి వాని స్థానమున అంకెలుంచిరి. కొలది దినములలోనే న్యూయార్కు టైమ్సు విలేఖరులు ఒక అంకె క్రింద నున్న ప్రశ్నలను వరుసగా చదివి, వానిలోని ఊరి పేరును, బంధువుల ఇంటిపేరును, వ్యాధుల ప్రస్తావనలను, కుక్కను గూర్చిన విసుగును జోడించి చూచి, జార్జియా రాష్ట్రములోని ఒక వృద్ధ స్త్రీని కనుగొనిరి. ఆమె విలేఖరులతో మాటలాడుటకు అంగీకరించినది. మనకిచ్చట ఆమె పేరుతో పని లేదు. సంస్థ దస్త్రమును ఉపసంహరించుకొన్నను అప్పటికే ప్రతులు నలుదిక్కుల వ్యాపించినవి. పేరొక్కటే మనిషి గుర్తు కాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

రెండవ ఘట్టము విశ్వవిద్యాలయమునకు సంబంధించినది గనుక మనకు మరింత సన్నిహితము. 2008లో హార్వర్డు పరిశోధకులు ముఖ్యులుగా నున్న ఒక బృందము, ఒక కళాశాలలో 2005లో చేరిన 1,640 మంది విద్యార్థుల ఫేస్‌బుక్కు పుటల నుండి వారి స్నేహములను, అభిరుచులను సేకరించి, ఇతర పరిశోధకుల కొరకు ప్రకటించినది. విద్యార్థుల పేర్లు తీసివేసిరి. కళాశాల పేరును దాచిరి. కాని దత్తాంశముతో జతపరచిన వివరణపత్రములో ఆ కళాశాల ఏ ప్రాంతమున నున్నది, అందెందరు చేరినది, ఏయే విషయములు బోధింపబడునది చెప్పబడినవి. మైకేల్ జిమ్మర్ అను విద్వాంసుడు దత్తాంశమును తెరచి చూడకయే, ఆ వివరణలనుబట్టియు, పరిశోధకుల బహిరంగ ప్రసంగములనుబట్టియు అది హార్వర్డు కళాశాలయేయని తేల్చెను. 2010లో అతడు ప్రకటించిన వ్యాసమునకు, దత్తాంశము ముందే బహిరంగమై యున్నదిగదా యను పరిశోధకుల సమాధానమునే శీర్షికగా నుంచెను. అతడు చూపిన మరియొక సూక్ష్మము గమనింపదగినది. పుటలను సేకరించిన సహాయకులు ఆ విశ్వవిద్యాలయ విద్యార్థులే. కొన్ని పుటలు తోటి విద్యార్థులకు మాత్రమే కనబడునట్లు అమర్చబడి యుండవచ్చును. సహాయకులు చూడగలిగిరి గనుక లోకమెల్ల చూడగలదని భావించుట, బంధువుగా వంటింటిలోనికి వచ్చినవాడు అక్కడ విన్నది వీథిలో విన్నదిగా లెక్కించుట వంటిది.

2012 జనవరిలో ఫేస్‌బుక్కు ఒక వారము పాటు 6,89,003 మంది చూచు వార్తావరుసను వారికి తెలియకుండ మార్చి, దుఃఖసంతోషములు ఒకరి నుండి ఒకరికి వ్యాపించునా యని పరీక్షించిన ఉదంతమును, 2014లో ఆ ఫలితములు ప్రకటితమైనపుడు చెలరేగిన వాదమును చాలమంది ఎరుగుదురు. సభ్యత్వ నియమావళిని అంగీకరించుటయే సమ్మతి యన్న వాదము అప్పుడు బహుళముగా ఖండింపబడినది. ప్రచురించిన పత్రిక సంపాదకులే తరువాత తమ ఆందోళనను తెలుపుచు ఒక ప్రకటన చేసిరి. మన శాఖలలో ఇట్టి ప్రయోగములు చేయుటకు సాధనములును లేవు, కోరికయు లేదు. కనుక దీనిని విస్తరింపము.

బహిరంగ మను పదమే మనలను మోసగించుచున్నది. తెలుగు పలుకుబడి ఈ భేదమును ఏనాడో గుర్తించినది. రచ్చబండ మీద కూర్చుండి మాటలాడుట గౌరవమే; రచ్చకెక్కుట మాత్రము అవమానము. రెండింటను రచ్చయే కలదు. భేదమంతయు ఎవరి యెదుట, ఎవరి ఇష్టముతో అను దానిలోనే యున్నది. రచ్చబండ మాటను ఆ ఊరివారందరును విందురు. దానిని పేరుతో సహా మరియొక జిల్లాలో ముద్రించి పంచినచో అది పూర్వపు మాట కాదు. హెలెన్ నిస్సెన్‌బామ్ అను తత్త్వవేత్త 2004లో ప్రతిపాదించి, 2010లో ఒక గ్రంథముగా విస్తరించిన సిద్ధాంతము సారాంశమున ఇదియే. గోప్యత యనగా మాటను దాచుట కాదు. మాట ఏ సందర్భమున పుట్టినదో ఆ సందర్భపు మర్యాద ననుసరించి ప్రవహించుట. వైద్యునకు చెప్పినది వైద్యుని వద్ద బహిరంగము. యజమాని వద్ద కాదు.

చట్టము మనకు ఎంతవరకు దారి చూపును? 2017 ఆగస్టులో పుట్టస్వామి వ్యాజ్యమున సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము మాత్రము, ఒక వ్యక్తి తానుగా బహిరంగపరచిన వివరములను తన పరిధి నుండి తొలగించినది. పరిశోధనకును కొన్ని షరతులతో మినహాయింపు నిచ్చినది. అందుచేత మనము చర్చించుచున్న వ్యాఖ్యలలో అధిక భాగము ఆ చట్టమునకు వెలుపలనే యుండును. చట్టము నిషేధింపలేదని తృప్తిపడు పరిశోధకునితో మాకు వాదము లేదు. అతడు తన ప్రశ్నను న్యాయవాది నడుగుచున్నాడే గాని తన్ను తాను అడుగుకొనుట లేదు.

రచయితయా, మాటలాడిన మనిషియా అను ప్రశ్నను స్పష్టముగా లేవనెత్తినవారిలో ఏమీ బ్రక్‌మన్ ముఖ్యురాలు. అంతర్జాలమున వ్రాయువారిని కేవలము పరీక్షకు లోబడిన మనుష్యులుగా గాక, ఔత్సాహిక కళాకారులుగా కూడ చూడవలెనని ఆమె 2002లో వ్రాసెను. పేరు చెప్పుట, దాచుట అను రెండే మార్గములు లేవనియు, స్వల్పముగా దాచుట మొదలు పూర్తిగా మార్చివేయుట వరకు మెట్లున్నవనియు ఆమె చూపెను. ఈ మెట్లలో ఏది తగునో తెలుగు పాఠములకు అన్వయించి చూతము. ఒక యువకవి తన పద్యమునకు శీర్షిక పెట్టి, క్రింద తన పేరు వ్రాసి, ఫేస్‌బుక్కులో ప్రకటించెననుకొందము. అతడు రచయిత. ముద్రణాలయపు సిరా అంటనంత మాత్రమున అతని కర్తృత్వము తరుగదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము హక్కు కలుగుటకు నమోదు సయితము అక్కరలేదు. అతని పేరు చెప్పక ఆ పద్యమును అంతర్జాల కవిత యని ఉదాహరించుట, గోప్యత పేర జరుగు చౌర్యము. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము చేసిన నియమములు గ్రంథచౌర్యమును నూటికి ఇంత యని కొలుచును, పదింటి వరకు శిక్ష లేదు. నాలుగు పాదముల పద్యము నాలుగువందల పుటల సిద్ధాంత గ్రంథములో ఆ కొలతకు ఎన్నడును అందదు. కవికి మాత్రము పోయినది పూర్తిగా పోయినదే.

ఇక ఒక గృహిణి వంటల బృందములో తన అత్తవారింటి కష్టమును నాలుగు వాక్యములలో చెప్పుకొన్నదనుకొందము. బృందములో వేలమంది యుండవచ్చును. ఐనను ఆమె వ్రాసినది రచన కాదు. ఎదుటివారి ఓదార్పుకై పలికిన మాట. శీర్షిక లేదు, ఇతరులు దానిని పంచుకొనవలెనను కోరిక లేదు, మరియొకరి మాటకు బదులుగా వచ్చినది. ఈ గుర్తులు చాలును. రెంటి నడుమ మారుపేరుతో వ్రాయువారున్నారు. కలంపేరు మనకు క్రొత్త కాదు. ఆ మారుపేరు నాలుగేండ్లుగా ఒక శైలిని, ఒక కీర్తిని సంపాదించినచో అది పేరే యగును, దానితోనే పేర్కొనవలెను. దాని వెనుక నున్న మనిషిని త్రవ్వి తీయుట ప్రాచీన కవుల కాలనిర్ణయము వంటి కార్యమని కొందరు ఉత్సాహపడుదురు గాని, నన్నెచోడునకు నేడు ఉద్యోగము పోవు భయము లేదు.

భాషా పరిశోధకుని కష్టము వేరు. అతనికి కావలసినది విషయము కాదు, అక్షరములు. పేరు తీసివేసి వాక్యమును ఉన్నదున్నట్లు ముద్రించినచో, చదువరి ఆ వాక్యమును శోధనయంత్రమున వ్రాసి నిమిషములో వ్రాసినవారి పుటను చేరవచ్చును. మాండలికమున వ్రాసిన వాక్యమునకు ఈ ప్రమాదము మరింత ఎక్కువ. ఎవరి వర్ణక్రమము వారిది గనుక అది వ్రేలిముద్ర వలె నుండును. వాక్యమును శిష్టభాషలోనికి మార్చినచో మనిషి దాగును, దత్తాంశము నశించును. ఆనెట్ మార్‌ఖమ్ 2012లో, పలువురి మాటలను కలిపి ఒక కల్పిత పాఠముగా నిర్మించుట నైతిక మార్గమేయని వాదించినది. పాఠపరిష్కరణమున పెరిగిన మనకు ఈ మాట వినుటకే కష్టముగా నుండును. ఐనను తోసిపుచ్చుటకు ముందు మన వ్యాకరణముల ఉదాహరణములను స్మరింపవలెను. అందనేకము కల్పితములే, కల్పితములని అందరికిని తెలియును గనుక దోషము లేదు.

మా నిర్ణయమిది. పదస్వరూపమును పరిశీలించువానికి వాక్యము అరుదుగా కావలసివచ్చును. పోతున్న, పోతాండాడు అను రూపములలో మొదటిది తెలంగాణమున, రెండవది రాయలసీమలో వ్యవహారమున నున్నదని చూపుటకు ఆ రూపములు, వాని సంఖ్యలు, ప్రాంతములు చాలును. ఒంటరిపదము ఎవరిని పట్టియీయదు. వాక్యనిర్మాణమే విషయమైనచో వ్రాసినవారి అనుమతి పొందవలెను. అనుమతి దొరకనిచో అదే నిర్మాణము గల వాక్యమును కల్పించి, కల్పితమని అచ్చటనే చెప్పవలెను. చెప్పక కల్పించుట మాత్రము ఎట్టి నీతికిని లొంగదు. ఇందువలన ఒక్కొక్కప్పుడు మంచి ఉదాహరణము చేజారును. చేజారనిండు.

పాశ్చాత్య మార్గదర్శకములు ఎంత చదివినను వానిలో కనబడని విషయమొకటి తెలుగు పేర్లలో నున్నది. అంతర్జాల పరిశోధకుల సంఘము 2002, 2012, 2019 సంవత్సరములలో ప్రకటించిన సూచనలు నియమములుగా గాక ప్రశ్నలుగా నుండుట మెచ్చదగినది. ఐనను ఇంటిపేరు అనునది ఏమో వానికి తెలియవలసిన అవసరము లేదు. మన ఇంటిపేరు పెక్కుమార్లు ఊరును, కులమును చెప్పును. పేరును దాచి ఇంటిపేరును మిగుల్చుట, మనిషిని విడిచి కుటుంబమును పట్టియిచ్చుట. అట్లే గ్రామదేవత పేరు, వృత్తి, మండలము మూడును కలసినచోట పేరుతో పని యుండదు. ఆ ఊరిలో కుమ్మరము చేయు ఇండ్లు రెండే కావచ్చును. కులవాచకములపై పనిచేయు విద్యార్థి మారుపేరు నేర్పరచునపుడు మరియొక చిక్కు కలదు. ఇష్టము వచ్చిన ఇంటిపేరు తగిలించినచో అది మరియొక నిజమైన కుటుంబమునకు తగులును. ఇంటిపేరు లేని పేరే ఇచ్చట మేలు.

దూషణములను పరిశోధించువారి బాధ్యత ఇంకను కఠినమైనది. స్త్రీలను, దళితులను ఉద్దేశించి అంతర్జాలమున వ్రాయబడు తిట్లు భాషకును, సమాజమునకును సంబంధించిన ముఖ్యమైన దత్తాంశమే; వానిని అసభ్యమని పరిశోధన నుండి బహిష్కరించుట పిరికితనము. కాని తిట్టును పదిమార్లు పూర్తిగా ముద్రించుట పదిమార్లు తిట్టుటయే. ఒక్కచోట నిర్దేశించి, సంఖ్య నొసగి, పిమ్మట ఆ సంఖ్యతో వ్యవహరింపవచ్చును. తిట్లు తిన్నవారి పేరు ఏ కారణముచేతను రాకూడదు. తిట్టినవారి మాటయేమి? అధికార పదవిలో నున్నవాడు తన పేరుతో ప్రజల నుద్దేశించి పలికినచో అది బహిరంగ ప్రసంగము, పేరు చెప్పవలెను. పేరు ప్రఖ్యాతులు లేని మనిషిని సిద్ధాంత గ్రంథములో నిలబెట్టుట మాత్రము పరిశోధకుని పని కాదు. అతని మాట దుష్టమగుటచే మన ధర్మము సడలదు.

ఇదంతయు ఇంత పట్టించుకొనవలెనా యనువారు పూర్వకాలపు సిద్ధాంత గ్రంథమును తలచుకొని అడుగుదురు. అది ముగ్గురు పరీక్షకులు చదివిన పిమ్మట గ్రంథాలయపు బీరువాలో నిదురించెడిది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009 నియమముల పిమ్మట సిద్ధాంత గ్రంథముల ఎలక్ట్రానిక్ ప్రతులు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధగంగలో చేరుచున్నవి, ఎవరైన చదువవచ్చును. ఏ గృహిణి మాటను మనము ఉదాహరించితిమో ఆమెయు చదువవచ్చును, ఆమె అత్తగారును చదువవచ్చును. ఆమె తన వ్యాఖ్యను తీసివేసినను గ్రంథము తీసివేయదు. కావున సిద్ధాంత గ్రంథమును సమర్పించుటకు ముందు ప్రతి ఉదాహరణమును మరల వెదకి చూడవలెను. తొలగింపబడిన వ్యాఖ్యను, అది ప్రజాజీవితమున నున్నవారి ప్రకటన కానిచో, గ్రంథము నుండి కూడ తొలగింపవలెను. ప్రమాణము పోవునను ఆక్షేపణము సహేతుకమే. పర్యవేక్షకునకు, పరీక్షకులకు చూపుటకు మూలప్రతిని విద్యార్థి భద్రపరచుకొనవచ్చును గాని ముద్రింపరాదు.

వాట్సాప్ బృందముల వంటి మూసిన తలుపుల విషయము మిగిలినది. పరిశోధకుడు అందొక సభ్యుడే యగుటచే సంకోచము కలుగదు. పూర్వవిద్యార్థుల బృందమో, బంధువుల బృందమో అయియుండును. నిర్వాహకుడు అనుమతించెననుట చాలదు. తలుపు తెరచు అధికారము అతనిది. లోపలివారి మాటలపై అధికారము లేదు. ముందుగా చెప్పినచో జనులు సహజముగా మాటలాడరను భయము లబోవ్ నాటి నుండి భాషాశాస్త్రజ్ఞు లెరిగినదే. దానికి ఉపాయము రహస్యముగా సేకరించుట కాదు, జరిగిన సంభాషణకు తరువాత అనుమతి కోరుట. కోరు విధమును ముఖ్యము. కార్యాలయపు తెలుగులో రెండు పుటల సమ్మతిపత్రమును పంపినచో ఎవరును చదువరు. తానెవరు, ఆమె వ్రాసిన ఏ వాక్యము కావలసినది, దానిని ఎందుకొరకు వాడుచున్నది, గ్రంథము శోధగంగలో అందరికిని కనబడునని, ఏ తేదీ లోపల వలదని చెప్పవచ్చునో, ఇంత మాత్రము వాడుకభాషలో వ్రాసి, ఆ వాక్యము రాబోవు పేరాను జతపరచి పంపవలెను. తన మాటను పరిశోధకుడు ఏమని వ్యాఖ్యానించెనో చూచిన పిమ్మట కొందరు అంగీకరింపరు. మరికొందరు అంగీకరించి, వ్యాఖ్యానమునే దిద్దుదురు; ఆ దిద్దుబాటును అధోజ్ఞాపికలో చేర్చుటకు విద్యార్థులు మొగమాటపడనక్కరలేదు. ప్రత్యుత్తరము రానిచోట మౌనమును అర్ధాంగీకారముగా గ్రహింపక, ఆ వాక్యమును విడిచి తక్కిన ఉదాహరణములతో పని సాగింపవలెను.